మాత్ర మింగించి తీయించిన నీరు

బావగారికి,

క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

తలనొప్పితో మాటలు తడబడుతున్న అక్కకు మెదడులో రక్తనాళాలు వాచాయేమోనని డాక్టరమ్మ మొదటే అనుమానించింది. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఆ నాళాల మీద పడితే, వెన్నులోంచి తీసిన నీటిలో ఆ జాడ తెలుస్తుందంది. నీరు తీశారు. జాడ లేదన్నారు. "నేను ముందే చెప్పానా, అంతా నటన!" అని మీరు వార్డంతా వినిపించేలా అరిచారు.

నిన్న అక్క నన్నడిగింది: "మీ బావ తలనొప్పికిచ్చే మాత్ర ఏదే?"

సంచిలోంచి అట్ట తీసి పేరు చదివాను. ఆ మాత్ర స్టెరాయిడ్. మీ మందుల షాపులోదే. వాపునూ, దాని జాడనూ కూడా అణిచేసే మందు. నీరు తీసేముందు "స్టెరాయిడ్లేమైనా వాడారా?" అని డాక్టరమ్మ అడిగితే అడ్డంగా తల ఊపింది మీరు కాదా? మందులమ్మినంత మాత్రాన వైద్యులైపోరు బావగారూ. మీరు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

డాక్టరమ్మకు చెప్తానంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. చెంచాను దువ్వెన అంటున్న మనిషి, ఈ ఒక్క మాట మాత్రం తడబడకుండా అంది: "వద్దే, మీ బావ పరువు పోతుంది."

మీ పరువు దాచుకోవడానికి మా అక్క తలకాయే దొరికిందా? చెప్పేశాను. ఆ మాత్రల సంగతి ఇక డాక్టరమ్మే చూస్తుంది. మళ్ళీ పరీక్షలు చేస్తారట.

చూడటానికి వస్తే రండి. ఈసారికి చేతులూపుకుంటూ రండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మీ మరదలు