కుడి రెక్క అతుకు

కోవిల్‌పట్టి

అక్కకు,

వారంగా ముసురు వదలడం లేదు. ఈరోజంతా షెడ్డులో చెక్క నమూనా విమానం తోకను నునుపు చేయడానికి ఉప్పుకాగితం పట్టాను. చెక్క చెమ్మగిల్లి ఉంది, పొట్టు రాలడం లేదు.

నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? బావకు దగ్గు తగ్గిందా? మెస్సులో సాంబారు నీళ్లగా పోస్తారు, అంతే. తిండికి లోటు లేదు. దిగులు పడొద్దు.

నా గదిలో ఉండే లూర్దన్న గురించి ఇదివరకు రాశాను. ఒట్టపిడారం దగ్గరివాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలోనే వయసంతా గడిపి ఇక్కడికి వచ్చాడు. షెడ్డులో మన తెలుగు మాట మాట్లాడేది ఆయనొక్కడే. మీ విరుదునగర్‌లోని కాలేజీకి చేస్తున్న పెద్ద విమానానికి కుడి రెక్క ఒంటికి సరిగా అతకలేదు. సందు కనిపించింది. లూర్దన్న అగ్గిపుల్లలు చీల్చి అందులో దోపి, అగ్గిపెట్టెలకు కాచినట్టే మైదా బంక కాచి నింపి, పైన రంగు వేశాడు. ముసురుకు బంక ఉబ్బి రంగు పగిలింది. రెక్క వాలిపోయింది.

"ఇది విమానమా, రెక్క విరిగిన కాకా?" అని షెడ్డు యజమాని, మా ముదలాళి, తమిళంలో కేకలేశాడు. కాలేజీ వ్యాను వచ్చేలోగా సరిచేయకపోతే లూర్దన్నకు ఇక్కడ పని లేదన్నాడు.

"పురుగు పట్టకూడదని మైలుతుత్తం గూడా కలిపితిని గదరా" అన్నాడు లూర్దన్న నాతో.

"పురుగు పట్టలే అన్నా. వాన పట్టిండాది" అన్నాను. నవ్వాడు.

రెక్క ఊడదీసి పాత బంకంతా గీకాం. ఈసారి బంక పెట్టకముందే జోడించి చూశాం. ఒంటివైపు బొగ్గుపొడి రుద్ది రెక్కను నొక్కి తీస్తే, ఎత్తుగా ఉన్నచోటే నలుపు అంటుతుంది. అంత మేరకే ఉప్పుకాగితం పట్టాలి. మళ్లీ రుద్దాలి, మళ్లీ నొక్కాలి. మిగిలిన సన్న సందులో రంపపు పొట్టు, తెల్ల బంక కలిపి నింపాం. రెండు కొనలూ బల్ల నుంచి ఒకే ఎత్తున ఉన్నాయో లేదో పుల్లతో చూసి, సైకిలు ట్యూబు ముక్కతో కట్టి ఆరనిచ్చాం. ఆరాక గోటికి కూడా అతుకు తగల్లేదు.

ముదలాళి తడిమి చూసి ఎవరు చేశారని అడిగాడు. ఇద్దరమూ అన్నాను. లూర్దన్న మాత్రం, "కాదు, తమ్ముడే చేశాడు, నేను పట్టుకున్నానంతే, నల్ల మచ్చ నా కంటికి ఆనలేదు" అని చెప్పేశాడు.  ముదలాళి తర్వాతి విమానం నాకొక్కడికే ఇచ్చాడు.

"ఏంటికి చెప్పినావన్నా?" అని గదిలో అడిగాను.

"రేపు ఇంగో రెక్క ఇస్తాడు. ఎన్నాళ్లు దాస్తావురా నన్ను?" అన్నాడు.

షెడ్డులో ఇప్పుడు అంతా తమిళమే. గదికి వస్తే ఆ మాటా లేదు. పని మాత్రం బాగానే సాగుతోంది, దిగులు పడొద్దు. కాలేజీ వైపు వెళ్తే, వ్యానులో వచ్చిన ఆ విమానం చూసి, కుడి రెక్క నిలిచిందో లేదో రాయి. ఇటు ఎవరైనా వస్తుంటే ఒక దుప్పటి పంపు. అవ్వకు నా దండాలు చెప్పు, నన్ను దీవించమను. బావకు నమస్కారాలు.

లూర్దన్న ఆదివారం పొద్దున, చర్చిలో పూజ ముగిశాక, పెట్టె సర్దుకుని ఒట్టపిడారం బస్సులో వెళ్లిపోయాడు.

నీ తమ్ముడు
గురువయ్య