ఎడమ పక్క సీటు

కోటబొమ్మాళి,
జూన్ 8, ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకి,

భవాని నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నువ్వూ ఆ మంచుకొండ మీద దగ్గూ జ్వరం లేకుండా ఉన్నావనే అనుకుంటున్నాం. వదినకి ఏడో నెల నిండుతోంది. కాళ్ళ వాపు తగ్గింది. డాక్టరమ్మ ఉప్పు తగ్గించమంది, అమ్మ తగ్గించలేదు. పాపకి ముందు పన్ను ఊడింది. దాన్ని నీకు పంపాలని అగ్గిపెట్టెలో దాచింది. వద్దని చెప్పేసరికి రెండు పూటలు అలిగింది.

నీ ఉత్తరం గురువారం అందింది. జవాబు పోస్టులో వెయ్యకుండా లక్ష్ముడి చేతికి ఇస్తున్నాను. సెలవు అయిపోయి రేపు పొద్దున్న రైలుకి మీ యూనిట్‌కే వస్తున్నాడు కదా, శుక్రవారానికల్లా నీ చేతిలో పెడతానన్నాడు. వచ్చే ఆదివారం నువ్వు ఫోన్ చేస్తావు. వదిన స్పీకర్ పెడుతుంది. చుట్టూ అందరం కూర్చుంటాం. "ఏ కారు ఖాయం చేశారు?" అని నువ్వు అడుగుతావు. నేను ఒక పేరు చెప్తాను. సోమవారం నాన్న వెళ్ళి బుక్ చేసేస్తారు. ఆషాఢం రాకముందే బండి ఇంటికి రావాలని ఆయన పట్టు. అందుకని, ఆ స్పీకర్ ముందు చెప్పలేని మాట ఇందులో రాస్తున్నాను.

నాన్న ఆ కారు నడపకూడదు, అన్నయ్యా.

మాట అయితే రాసేశాను. ఎందుకన్నది రాయడానికి నాకు ఇంకాస్త ధైర్యం కావాలి. అందాకా నీ ప్రశ్నలకి జవాబులు రాస్తాను. మధ్యలో కోపం వచ్చినా చివరిదాకా చదువు.

"మూడు బళ్ళు చూడ్డానికి నెల రోజులా?" అని అడిగావు. కంపెనీల పేర్లూ వాటి వెనక అంకెలూ రాస్తే నీకు తికమక, పాప పెట్టిన పేర్లే రాస్తాను. శ్రీకాకుళంలో ఒకే షోరూములో చూసినవి రెండు. దీపాలు కళ్ళలా ఉబ్బి ఉన్నది కప్ప. బూడిదరంగులో, ఎత్తుగా ఉన్నది ఏనుగు. విజయనగరంలో చూసినది బెల్లం రంగు, అందుకని అది బెల్లం బండి. మూడూ నాలుగు మీటర్ల లోపువే. మన సందులో మలుపు తిరుగుతాయి, రోడ్డు మీద గోతులకి అడుగు తగలదు. మూడింటిలోనూ గుద్దుకుంటే ఉబ్బే గాలిసంచులు ఆరేసి ఉన్నాయి. మైలేజీలో కప్ప మెరుగు, గట్టితనంలో ఏనుగు మెరుగు. ఇవన్నీ నోట్‌బుక్‌లో గళ్ళు గీసి రాసుకున్నాను. మన ఇంట్లో వాళ్ళకి నా గళ్ళతో పనిలేదు.

అమ్మ పెట్టే పరీక్ష ఒక్కటే, వెనక సీట్లో బాసిపట్టు వేసుకుని కూర్చోడం. కప్పలో మోకాలు తలుపుకి కొట్టుకుంది. "ఓలమ్మో, ఇది కారా, కోళ్ళగంపా?" అంది. సేల్స్ అమ్మాయి అనిత నవ్వు ఆపుకోలేక కిటికీలోంచి బయటికి చూసింది. వదిన పరీక్ష ఎక్కడం, దిగడం. ఏనుగు ఎక్కాలంటే నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. బెల్లం బండిలో అయితే మంచం మీద కూర్చున్నట్టు కూర్చుని, తర్వాత కాళ్ళు లోపల పెట్టుకుంది. నాన్న ఏనుగు డిక్కీ తెరిపించి, "ఎనభై కేజీల బస్తా పడతాదా?" అన్నారు.

"సర్, అది లగేజీ కోసం సర్," అంది అనిత.

"వడ్లు లగేజీ కాదేటమ్మా? మరేటి?"

ఇక్కడిదాకా నవ్వుకునే సంగతులే. గళ్ళలో రాయని సంగతి ఒకటుంది. మూడు బళ్ళ దగ్గరా నాన్న ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వేశారు. "ఎడం పక్క అద్దం ఇంకా పెద్దది నేదేటి? ఎడం పక్కకి కెమెరా ఉన్నాదా?" కుడి పక్క గురించి ఎక్కడా అడగలేదు. అది చూశాక నేను ప్రతి బండికీ ఏదో ఒక వంక పెట్టడం మొదలుపెట్టాను. కప్ప ఇరుకు, ఏనుగు ఎత్తు, బెల్లం బండి రంగు బాగులేదు. వదిన ఊరుకోలేదు. "నీకొచ్చిన సంబంధాలకి కూడా ఇన్ని వంకలు పెట్టనేదు గదే! నాకు నొప్పులొచ్చినప్పుడు బండి రంగు సూస్తామేటి?" అంది. నిజమే. ఆవిడకి అవసరం. నాకు మాత్రం ప్రతి వంకకీ ఒక వారం దొరికేది.

"ఆ సైకిల్ తాత ఎలా ఉన్నాడు?" అని అడిగావు. మోచేతికి ఐదు కుట్లు పడ్డాయి, ఎముక విరగలేదు. పేరు నూకయ్య. శ్రీకాకుళం శివార్లలో సైకిల్ మీద చీపుళ్ళు అమ్ముతాడు. రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను. రెండోసారి వాళ్ళావిడ టీ ఇచ్చింది. తాత కట్టు చూసుకుంటూ, "నాను ఓరనే ఎల్తన్నానమ్మా. కారే నా మీద కొచ్చీసింది. పట్టపగలు నానగుపడనేదేటి మీకు?" అన్నాడు. ఆ టీ ఎలా మింగానో నాకే తెలుసు.

ఇక నీ ఉత్తరంలో చివరి మాట. "నీ తొందర నాకు తెలుసు భవానీ. ఒక మనిషిని పడగొట్టింది చాలు. నువ్వు స్టీరింగ్ ముట్టుకోవద్దు. పాపనీ మీ వదిననీ నాన్న చేతిలో పెడితేనే నాకిక్కడ నిద్ర పడుతుంది." ఆ వాక్యం దగ్గరే మూడు రోజులు ఆగిపోయాను.

ఆ రోజు కారు నడిపింది నేను కాదు.

ఏనుగుని నడిపి చూడాలంటే ఫారం నింపి లైసెన్సు చూపించాలన్నారు. నాన్న జేబులు తడుముకుని, "ఇంటికాడ మర్సిపోనాను. నీదున్నాది గదమ్మా, ఇచ్చీ," అన్నారు. ఫారం నా పేరు మీద రాశారు. గేటు దాటి కాస్త దూరం నేనే నడిపాను. సర్వీసు రోడ్డు ఎక్కగానే నాన్న ఆపమన్నారు. వెనక సీట్లోంచి అనిత, "సర్, వద్దు సర్, రూల్ ఒప్పుకోదు," అంటూనే ఉంది. "ముప్పయ్యేళ్ళుగా ట్రాక్టరు తోల్తన్నాను తల్లీ, నాకు రూలు సెప్తావేటి?" అన్నారు నాన్న. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను దిగి ఎడమ పక్క సీట్లోకి మారాను.

నూకయ్య తాత నాకు దూరం నుంచే కనిపిస్తున్నాడు. రోడ్డుకి ఎడమ అంచున, వెనక చీపురుకట్టలు పెట్టుకుని మెల్లగా తొక్కుతున్నాడు. మంచి ఎండ. నాన్నకీ కనిపిస్తున్నాడనే అనుకున్నాను. దగ్గరపడే కొద్దీ కారు తిన్నగా అటే జరుగుతోంది. "నాన్నా!" అని అరిచాను. అద్దం చీపురుకట్టకి తగిలి మడత పడింది. సైకిల్ పడిన చప్పుడు. నాన్న బ్రేకు తొక్కి, నా ముఖంలోకి చూసి అడిగారు.

"ఏటి తగిలింది?"

తప్పించలేకపోవడం కాదన్నయ్యా. అసలు అక్కడ మనిషి ఉన్నట్టే ఆయనకి తెలియదు.

జనం మూగారు. నాన్న దిగి తాతని లేపి కూర్చోబెడుతున్నారు. అనిత నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఫారం మీద మీ పేరే ఉంది. మీరే నడిపారని చెప్పండక్కా, లేకపోతే నా ఉద్యోగం పోతాది," అని ఏడ్చింది. ఎవరో "ఎవులు తోలినారు?" అని గట్టిగా అడిగారు. నేనే అన్నాను. నాన్న తలెత్తలేదు. ఇంటికొచ్చాక అమ్మతో, "కొత్త సెయ్యి గదా, కంగారు పడిపోనాది," అన్నారు. ఆ మాటే నీకు ఫోన్లో చెప్పారు, టీ కొట్టు దగ్గర చెప్పారు. చెప్పేటప్పుడు మాత్రం నా వైపు చూడరు.

మొన్న బుకింగ్ కాగితాల కోసం ఆయన ఇనప్పెట్టె తీశాను. లైసెన్సు గడువు రెండేళ్ళ కిందటే అయిపోయింది. దాని కిందే కంటి డాక్టరు చీటీ. లైసెన్సు కోసం మెడికల్ పరీక్షకి వెళ్ళినప్పటిది. ఎడమ కంటి నరం ఎండిపోయింది, పక్కచూపు లేదు. కుడి కంటికి మొదలవుతోంది. రోజూ చుక్కలు వేసుకోవాలి, బండి నడపకూడదు. చుక్కల సీసా అదే పెట్టెలో ఉంది, సీలు కూడా తియ్యలేదు.

కారు వచ్చిన మర్నాటి నుంచి పాపని బడికి దింపేది నాన్నే. "తాతా, ముందు సీటు నాది," అని పాప ఇప్పటికే చెప్పేసింది. అది ఎడమ పక్క సీటు.

ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటావు. అనిత ఉద్యోగం ఒక కారణం, నాన్న పరువు ఇంకో కారణం. మూడోది రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ స్టీరింగ్ నాకు కావాలి. డిగ్రీ అయి రెండేళ్ళు. పరీక్షలు రాయడం, ఫలితాల కోసం ఎదురుచూడ్డం, మధ్యలో అమ్మకి అప్పడాలు ఎండబెట్టడం. ఆ రోజు గేటు దాటి నడిపిన ఆ కాస్త దూరం, ఈ రెండేళ్ళలో నేను నా అంతట నేను ఎక్కడికో వెళ్ళింది అంతే. నిజం చెప్తే, నాన్నని దింపి తనెక్కాలని చూస్తోందంటారు. అది అబద్ధం కాదేమోనన్నదే నా భయం. నాకు కావాలన్నదీ నిజమే, ఆయనకి కనిపించదన్నదీ నిజమే.

ఇక్కడిదాకా రాసి కలం పెట్టేసరికి నాన్న పొలం నుంచి వచ్చారు.

"అన్నకేటమ్మా అంత ఉత్తరం?"

"కారు గురించి నాన్నా."

"మూడు బళ్ళకి ఇన్ని కాయితాలా?"

నవ్వబోయి నా ముఖం చూసి ఆగారు. నూకయ్య తాత ఉన్న కాగితం ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని కుడి కంటి పక్కకి జరుపుకుని చదివారు. వంటింట్లోంచి అమ్మ, "టీ పెట్టీమంటావా?" అని రెండుసార్లు అడిగింది.

"మీ వదినకి తెలుసా?"

"తెలీదు."

"ఇది మీ అన్నకి ఎల్లాలా?"

"నువ్వే చెప్తానంటే ఇప్పుడే చింపేస్తాను. చెప్పనంటే పంపిస్తాను. లక్ష్ముడు ఐదింటికి వస్తాడు."

"నానేటి గుడ్డోణ్నా?" అని కాగితం మంచం మీద విసిరారు. "నా కొడుకు నాకు కొంతన్న బండి అది! నా పేరున! నువ్వెవత్తివే నన్ను దిగమండానికి?"

ఆయన నన్ను అంత మాట ఎప్పుడూ అనలేదు. నేను కదల్లేదు. కదిలితే ఏడ్చేదాన్ని. ఆయన విసవిసా బయటికి వెళ్ళిపోయారు. ట్రాక్టరు షెడ్డు తలుపు చప్పుడైంది. ట్రాక్టరు స్టార్టవుతుందేమోనని చెవులు అటే పెట్టి కూర్చున్నాను. స్టార్టవలేదు.

తిరిగొచ్చి నా ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. విసిరిన కాగితం తీసి, ముడత సాపు చేసి నాకిచ్చారు.

"ఒకటి రాయనేదు నువ్వు," అన్నారు.

"ఏటి నాన్నా?"

"కిందటేడు సంత రోజు మేక ట్రాక్టరు కింద పడిపోనాది గదా. అడ్డం వొచ్చీసిందని సెప్పాను." నా చేతిలో కలం వైపు చూశారు. "అడ్డం రానేదమ్మా. అది కట్టీసే ఉన్నాది. అదీ రాయి."

రాస్తున్నాను అన్నయ్యా. ఆయన చెప్పమన్నట్టే రాస్తున్నాను. ఏడాదిగా ఆయన ఒక్కరే ఆ మేకని మోశారు. మనమెవరం కనిపెట్టలేదు. ఆదివారం ఫోన్లో ఆయన్ని కోప్పడకు. కంటి ఆసుపత్రికి ఎప్పుడు వెళ్తారని మాత్రం అడుగు. ఉన్న చూపైనా నిలబడాలి.

"మీ వదినకి నాను సెప్తాను. నువ్వు మాటాడకు," అన్నారు. లేచి రెండడుగులు వేసి, గుమ్మం దగ్గర ఆగారు. ఇటు తిరగలేదు.

"విజయనగరం బండికి సీటు పక్కన మీట లాగితే సీటు పైకి లేస్తాదని షోరూమోళ్ళు సెప్పినారు. అలగ లేపితే, నీ పొట్టితనానికి బానెట్టు సివర నీకు అగుపడతాదా?"

"అగుపడతాది నాన్నా."

"అయితే అదే రాయి."

ఇట్లు,
నీ మాట కాదని స్టీరింగ్ పట్టబోతున్న చెల్లెలు,
భవాని.