బాతులు బడికి వచ్చిన సంగతిపై నా పాత ఫిర్యాదును నమ్మవద్దని మనవి

కైతక్కరి ఉపజిల్లా సహాయ విద్యాధికారి గారి సముఖమునకు,
కుట్టనాడు, కైతక్కరి తూర్పు కాలువగట్టు నివాసి, బాతుల పెంపకందారు మత్తాయి వర్కీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కాలువగట్టు ప్రాథమిక పాఠశాలలో పిల్లల పాడ్‌కాస్టును నిలిపివేసిన తమ ఉత్తర్వును రద్దు చేయవలసినదిగాను, సదరు ఉత్తర్వుకు కారణమైన ఫిర్యాదుదారుని, అనగా నన్ను, లెక్కలోనికి తీసుకొనవద్దనియు కోరుట గురించి.

1. "బడిలో మోగించు పాడ్‌కాస్టు వలన నా బాతులు నా అదుపు తప్పుట" అను ఫిర్యాదు గత నెలలో తమకు అందియున్నది. వ్రాసినది నేనే. పది రోజులలో చర్య గైకొన్నారు. మా కాలువకు వంతెన కావాలని పదకొండేళ్లుగా ప్రభుత్వమువారికి అర్జీలు పెట్టుచున్నాము, ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు. కోపములో గీకిన ఈ ఒక్క కాగితమునకే ఇంత తొందర ఎందుకు వచ్చినదో నాకు బోధపడుట లేదు.

2. సదరు పాడ్‌కాస్టు రెండవ తరగతి శోభన టీచర్ మొదలుపెట్టినది. పిల్లలే ఊళ్లో ఒకరి దగ్గరకు వెళ్లి ప్రశ్నలడిగి, టీచర్ ఫోనులో రికార్డు చేసి తెత్తురు. శుక్రవారం మధ్యాహ్నం గంజీ పెసలూ తిన్న తర్వాత వరండాలోని స్పీకరులో వేయుదురు. అందరూ విని, విన్నది చెప్పి, బొమ్మలు గీసి, అందులోంచే లెక్కలు చేయుదురు. "పుస్తకం ముట్టని చదువేం చదువు?" అని మొదట ఈసడించినది నా భార్య అలేయమ్మ. తర్వాత, తమ ఉత్తర్వు వచ్చువరకు, శుక్రవారం వస్తే పొయ్యి ఆర్పి వరండా ముందు కూర్చొనుచుండినది.

3. నా మనవరాలు జిన్సి రెండవ తరగతి. ఇంటి దగ్గర బాతులతోనూ నాతోనూ వాగుతూనే ఉండును. బడిలో మాత్రం రెండేళ్లుగా నోరు విప్పలేదు. హాజరుకు సైతం చెయ్యెత్తును. శోభన టీచర్ ఆ పిల్లకు ఫోను ఇచ్చి, "నిన్నెవరూ చూడరు, తప్పు పోతే మళ్లీ చెప్పు" అన్నదట. జిన్సి తిన్నగా నా బాతుల దొడ్డికి వచ్చినది.

"అప్పచ్చా, నీ బాతులు వేరేవాళ్ల బాతుల్లో కలిసిపోతే ఎలా తెచ్చుకుంటావ్?"

"పిలుస్తా."

"ఎలా పిలుస్తావ్? పిలువు."

తమకు తెలియనిది కాదు, మా బాతులవాళ్లలో ఎవరి పిలుపు వారిది. కాలువలో రెండు మందలు కలిసినప్పుడు ఎవరి పిలుపుకు వారి బాతులే విడివడి వచ్చును. మేత వేళ తప్ప దానిని పైకి అనము. అటువంటి పిలుపును నేను ఫోనులో పిలిచితిని. "దొంగ పిలుపొకటి పిలవలేకపోయావా?" అని పడవ నడిపే పాపచ్చన్ నవ్వినాడు. పిల్ల మొదటిసారి బడి కోసం నోరు తెరిచి అడిగితే దొంగ పిలుపు ఎట్లు పిలుతునండీ?

4. ఆ శుక్రవారం కోత అయిన పొలములో మేయుచున్న నా ఎనిమిది వందల పన్నెండు బాతులూ, స్పీకరులో నా గొంతు వినగానే, కాలువ ఈది బడిలో ప్రవేశించినవి. గంజి గిన్నె ఖాళీ. హెడ్మాస్టరు గారు బల్ల ఎక్కినారు. శోభన టీచర్ మాత్రం "పిల్లలూ, లెక్కపెట్టండి!" అన్నదట. అది అంతటితో ఆగలేదు. పాపచ్చన్ అదే పాడ్‌కాస్టు పడవలో వేయగా, మంద రెండు రేవుల దాకా పడవ వెంట పోయినది. అందుకు నాకు ఒళ్లు మండి ఫిర్యాదు వ్రాసితిని. నేను కోరినది నా పిలుపొక్కటి తీసివేయమని. తమ కార్యాలయమువారు పాడ్‌కాస్టునే తీసివేసినారు.

5. ఈ మధ్యలో జరిగినది నేను గమనించలేదు. బాతుల పాఠం అయిన తర్వాతి సోమవారం నుంచి జిన్సి హాజరుకు గొంతెత్తి పలుకుచున్నదట. పొలములో నీరు తోడు మోటారు దగ్గరకు పోయి, దానిని నడుపు మనిషిని ఇరవై ప్రశ్నలడిగి, రెండవ పాడ్‌కాస్టు సిద్ధము చేసుకొన్నదట. అది వేయవలసిన శుక్రవారమునకు ముందురోజే తమ ఉత్తర్వు వచ్చినది. తరగతిలో చదివినారు: "మత్తాయి వర్కీ ఫిర్యాదు మేరకు."

పిల్ల ఫోను తిరిగి ఇచ్చివేసినది. మళ్లీ చెయ్యెత్తుచున్నది. నాతో పంతొమ్మిది రోజులుగా మాట లేదు. టీ తెచ్చి పెట్టి వెళ్లిపోవును.

"బాతులు నీ మాట వినట్లేదని అర్జీ పెట్టావు. ఇప్పుడు పిల్ల నీతో మాట్లాడట్లేదు. దీనికెవరికి పెడతావు?" అని అలేయమ్మ అడిగినది. ఆలోచించగా తమకే పెట్టుట ఉచితమని తోచినది.

6. బాతులకు కొత్త పిలుపు నేర్పుచున్నాను. మేత పెట్టి నేర్పిన కొద్దీ చాలా వరకు వచ్చినవి. ముసలివి నలభై మాత్రం పాత అలవాటున బడికి పోవుచున్నవి, వాటికి హాజరు వేయనక్కరలేదు. నా పాత పిలుపును బడికి శాశ్వతముగా దానము చేయుచున్నాను.

కావున పాడ్‌కాస్టును తిరిగి అనుమతించి, నీటి మోటారు పాఠమును వచ్చే శుక్రవారమే వేయించగలందులకు ప్రార్థన. నా మీద కోపముంటే నా మీదనే చూపవలెను, పిల్ల మీద వద్దు. ఇది దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు
(గత ఫిర్యాదు వ్రాసినవాడును వీడే)
మత్తాయి వర్కీ

తా.క. కవరు అంటించే ముందు ఇదంతా అలేయమ్మకు చదివి వినిపించాను. నాలుగో అంశం దగ్గర గుమ్మంలోంచి గొంతు వచ్చింది.

"ఎనిమిది వందల పన్నెండు కాదు అప్పచ్చా. మేం లెక్కపెట్టాం. ఎనిమిది వందల తొమ్మిదే వచ్చాయి. మూడు రాలేదు."

నాకు కాగితం కనిపించలేదండీ, కళ్లు తుడుచుకుని మిగతాది చదివాను. అంతా విని జిన్సి, "ఆఫీసరు ఒప్పుకుంటాడా?" అంది. తెలీదన్నాను. "అయితే జవాబు కాగితం మీద వద్దు, ఫోన్లో మాట్లాడి పంపమను. శుక్రవారం అన్నిటికన్నా ముందు అదే వేస్తాం" అంది. నేను తమ తరఫున మాట ఇచ్చేశాను.

శోభన టీచర్ నంబరు కవరు వెనక రాశాను. ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. "సరే" అంటే చాలు.