పెదవి మీది దుమ్ము

బస్టాండు ఎదురు వీధిలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతూ, ఫోటోలకు టచింగ్ చేసే పనిలో కళ్లూ వేళ్లూ అరగదీసుకున్న నేను, యాభై నాలుగేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. మనసు స్థిమితంగా ఉందని తప్పకుండా రాయాలని వకీలుగారు చెప్పారు. మనసు స్థిమితంగానే ఉంది. స్థిమితం లేనివి కాళ్లూ చేతులూ. సిగరెట్టు మాని ఇది తొమ్మిదో రోజు. ఈ గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే చెబుతున్నాను. కలం పట్టుకుంటే అక్షరాలు వంకర్లు పోతున్నాయి కాబట్టి నా తమ్ముడు రాస్తున్నాడు. స్టూడియోలో డార్క్‌రూమ్ మొదటి నుంచీ అతనిదే. నెగటివులు కడగడం, తుడవడం, ప్రింటు వేయడం అతని పని. వకీలుగారు శుభ్రంగా టైపు చేయించి ఇస్తానన్నా నేనే వద్దన్నాను. ఎందుకన్నది ఆరో అంశంలో వస్తుంది.

సోమవారం నా కింది పెదవిలో ఎడమ సగం, దాని కింద దవడ ఎముక కొంత తీసేస్తారు. కాన్సర్. ఆ తర్వాత నా మాట పక్కవాళ్లకు అర్థమవుతుందో లేదో డాక్టరుగారు చెప్పలేకపోయారు. అందుకే నోరు ఉన్నప్పుడే చెబుతున్నాను.

1. నా స్వార్జితమైన స్టూడియో, అందులోని కెమెరాలు, లైట్లు, వెనక తెరలు, కంప్యూటరు నా తదనంతరం నా కూతురికి సగం, నా తమ్ముడికి సగం సర్వహక్కులతో చెందవలెను. మబ్బులు వేసిన తెర పారేద్దామని కూతురు రెండేళ్లుగా అంటోంది. పారేయమ్మా. అది బాగోదని నాకూ తెలుసు, నువ్వన్నావని ఒప్పుకోలేదు.

2. మేము ఉంటున్న ఇల్లు, అందులోని సమస్త సామానుతో నా భార్యకు చెందవలెను. మంచంలో కిటికీ వైపు కూడా ఆమెదే. పెళ్లయినప్పటి నుంచీ అడుగుతోంది, పొగ బయటికి పోవాలని నేనే ఆక్రమించుకున్నాను. ఇరవై ఆరేళ్లు నా చొక్కాలు వేరే బకెట్లో నానబెట్టింది. రాత్రిళ్లు అటు తిరిగి పడుకుంటే కోపమనుకుని నేనూ ఇటు తిరిగి పడుకునేవాణ్ణి. కోపం కాదు, వాసన. ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. మొన్న, మానిన ఏడో రోజున, పక్క నుంచి వెళ్తుంటే ఆమె తల నుంచి సబ్బు వాసన వచ్చింది. ఇన్నేళ్లలో నాకు తెలియని వాసన అది. వెనక్కి పిలిచి మళ్లీ నడవమన్నాను. పిచ్చి పట్టిందా మీకు అంది గానీ, నడిచింది.

కర్టెన్లు తీసి పారేయవలెను. ఉతికితే పోయే పసుపు కాదు.

3. నా టచింగ్ కుంచెలు తొమ్మిది, భూతద్దం, రంగుల పెట్టె నా కూతురికి. వాటితోపాటు నా పని రహస్యం కూడా రాసి ఇస్తున్నాను, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. పొగతాగేవాడి ఫోటో బల్ల మీదకొస్తే మనిషి నోరు విప్పక్కర్లేదు. పెదవులు నల్లబడి ఉంటాయి. పై పెదవి మీద, తాడు లాగిన సంచి మూతిలాగా, నిలువు ముడతలు. పొగ పడకుండా మూసుకుని మూసుకుని ఒక కన్ను చిన్నదైపోతుంది. చర్మం ఎండకు వెలిసిన గుడ్డలా ఉంటుంది. మీసం మధ్యలో పసుపు. అలాంటి ముఖానికి మామూలు ముఖం కంటే రెండింతల సేపు పట్టేది. అంతా తుడిచి, నున్నగా చేసి ఇస్తే చూసుకుని మురిసిపోయేవారు. మెట్లు దిగాక ఒకటి ముట్టించేవారు. నేనూ అంతే. నా ముఖానికి నేనే పదేళ్లు తగ్గించుకుని గోడకు తగిలించుకున్నాను.

ఈ పిల్ల మాత్రం మోసపోలేదు. ఐదేళ్లప్పుడు మా ముగ్గురినీ రంగు పెన్సిళ్లతో గీసింది. అమ్మకూ తనకూ ఒక రంగు వేసి నాకు బూడిద రంగు వేసింది. ఎందుకమ్మా అంటే, నీ రంగు అదే కదా నాన్నా అంది. నవ్వేసి పనికి పోయాను.

గురువారం నువ్వు తీసిన నా ఫోటో, పుండుతో సహా, ఉన్నదున్నట్టు ఉంచవలెను. నా తర్వాత గోడ మీద ఉండేది అదే. కుంచె గానీ కంప్యూటరు గానీ దాని మీద పెడితే ఈ మూడో అంశం చెల్లదు.

4. గాజు యాష్‌ట్రే, కిలో పైన బరువున్నది, నా బావమరిదికి. పిల్ల స్కూల్లో వార్షికోత్సవానికి నేను కుర్చీలో కూర్చుని ఉంటే టీచరమ్మ వచ్చి, తాతగారూ, కొంచెం ముందు వరుసలోకి వస్తారా అంది. అప్పటికి నాకు నలభై రెండేళ్లు. ఆమెను ఏమీ అనను. ఆ మాటను పన్నెండేళ్లుగా ప్రతి పెళ్లిలోనూ చెప్పి నవ్వించినవాడు మాత్రం బావమరిదే. ఆయనకూ దగ్గు మొదలైంది. యాష్‌ట్రే వాడుకోకుండా కాగితాల మీద బరువుగా పెట్టుకోవలెను.

5. టచింగ్ బల్ల కుడి సొరుగులో సిగరెట్ పెట్టె ఉంది, అందులో ఏడు. అవి ఎవరికీ చెందవు. ముఖ్యంగా రాస్తున్నవాడికి చెందవు. నీళ్ల తొట్టిలో పడేయవలెను. ఈ అంశం చెబుతుండగా రెండుసార్లు ఆ సొరుగు దాకా వెళ్లి వచ్చాను. ఆ సంగతి తమ్ముడు కావాలనే రాశాడు, ఉండనీ. అరచేతులు చెమటలు పడుతున్నాయి. కిటికీ తెరిచి మళ్లీ మూశాను.

6. నా తమ్ముడికి, సగం వాటా కాక, మూడేళ్ల నెగటివులు మూడు, వాటి ప్రింట్లతో సహా. ఒక క్షమాపణ.

ఏటా స్టూడియో తెరిచిన రోజున నేనూ నా భార్యా ఫోటో దిగుతాం. అన్నీ కంప్యూటరుకు మారినా అది మాత్రం ఫిల్మ్ మీదే. నెగటివ్ మీద దుమ్ము ఉంటే ప్రింటులో తెల్ల చుక్క పడుతుంది. దాన్ని సన్న కుంచెతో చుట్టుపక్కల ఛాయకు తెచ్చి కప్పడం నా పని. మూడేళ్ల కిందట నా పెదవి ఎడమ మూలన తెల్ల చుక్క వచ్చింది. రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి సిగరెట్టు ఎప్పుడూ ఉండే చోటు అదే. నాకు ఆ ఆలోచనే రాలేదు. దుమ్మనుకున్నాను, కప్పేశాను. తర్వాత డార్క్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి, నెగటివ్ తుడవడం కూడా చేతకాదా అని కస్టమర్ల ముందే తమ్ముణ్ణి కడిగేశాను. తుడిచానన్నయ్యా అన్నాడు. మరుసటి ఏడు మళ్లీ అదే చోట, బియ్యపు గింజంత. మళ్లీ కప్పాను, మళ్లీ తిట్టాను. మూడో ఏడు ప్రింటు నా బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు. ఆరు నెలలు మాకు మాటల్లేవు. అద్దంలో కనబడినా, వేడికి తెల్లబడిందిలే అనుకున్నాను.

చివరికి పన్ను నొప్పికి వెళ్తే పళ్ల డాక్టరుగారు పెదవి పట్టుకుని, ఎన్నాళ్ల నుంచి ఉంది అని అడిగారు. ఇంటికొచ్చి, టచింగ్ చేయని ప్రింట్లు వెతికి తీస్తే లెక్క తేలింది. మొదటి ఏడే వచ్చి ఉంటే చిన్న ముక్క తీసి సాయంత్రానికి ఇంటికి పంపేవాళ్లమన్నారు పెద్ద డాక్టరుగారు. తమ్ముడూ, నువ్వు తుడిచావు. తప్పు నాది.

ఇక అసలు సంగతి. పోయిన నెల లైసెన్సు కోసం తమ్ముడు ఫోటో దిగాడు. కంప్యూటరు మీద నమ్మకం లేక ఫిల్మ్ మీదే తీయించుకుని, తనే ప్రింటు వేసుకున్నాడు. కింది పెదవి కుడి మూలన తెల్ల చుక్క. అతను సిగరెట్టు అటువైపు పెట్టుకుంటాడు. దుమ్మన్నయ్యా అని నా కుంచె తీసుకోబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. అప్పటి నుంచి డాక్టరుకు చూపించమని మూడుసార్లు చెప్పాను. మొదటిసారి పని ఉందన్నాడు. రెండోసారి నీళ్లు నమిలాడు. మూడోసారి నుంచి మొహం చాటేస్తున్నాడు.

ఇక్కడ కలం ఆగింది. ఇవన్నీ వీలునామాలో ఎందుకన్నయ్యా అంటున్నాడు. ఆ మాట కూడా రాయమన్నాను.

వీలునామా అంటే నేను పోయాక తెరిచే కాగితం. నీ చుక్క అంతవరకూ ఆగదు. అందుకే వకీలుగారిని వద్దని నిన్ను కూర్చోబెట్టాను. నా చివరి కోరిక కాదనలేక ప్రతి అక్షరం నీ చేత్తో నువ్వే రాస్తావని తెలుసు. చెబితే విననివాడివి, రాస్తే చదవక తప్పదు.

డాక్టరుకు చూపిస్తేనే నీ వాటా నీకు అని షరతు పెట్టాలని మొదట అనుకున్నాను. పెట్టడం లేదు. నువ్వు వెళ్లినా వెళ్లకపోయినా వాటా నీదే. నీకు మొదటి సిగరెట్టు ఇచ్చింది నేను. ఈ గోడలకు సున్నం వేయించిన రోజున, వెనక మెట్ల మీద, నేను తాగడం నాన్నకు చెప్పకుండా ఉంటావని. నీకు పంతొమ్మిదేళ్లు. దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుంటే నేను నవ్వాను. నా ఆస్తిలో నీకు ముందుగా ముట్టింది అదే. దాన్ని వెనక్కి తీసుకునే దారి నాకు తెలియడం లేదురా. భయంగా ఉంది. నా దవడ గురించి కాదు.

సోమవారం పొద్దున నాతో రా. నా సంచి మోయడానికి వద్దు, దానికి మీ వదిన ఉంది. కౌంటరు దగ్గర నీ పేరున ఒక చీటీ తీసుకో.

7. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత వకీలుగారిది. ఇంతకుముందు రాసినవి ఏవైనా ఉంటే రద్దు. ఇది చదివి వినిపించగా విని, సరిగానే ఉందని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

ఈ నెల పదకొండో తేదీ, శనివారం, మధ్యాహ్నం.

సంతకం: పెద్దవాడు. (వణికింది, అయినా నాదే.)

సాక్షులు:
1. పక్క కొట్టు గడియారాల మేస్త్రీ
2. మేడ మీద టైలరు

దస్తూరి: పై వీలునామా అన్నయ్య చెప్పగా నేనే రాశాను. కొట్టివేతలు లేవు. సంతకాలయ్యాక ఈ రెండు ముక్కలు నా అంతట నేను రాస్తున్నాను. సొరుగులోని ఏడూ తొట్టిలో పడేశాను, నా జేబులోవి నాలుగు కూడా. సోమవారం రెండు చీటీలు తీసుకుంటాం. నీ నెగటివులు మూడేళ్లూ తుడిచే ఇచ్చానన్నయ్యా. పోయిన నెల నాదీ తుడిచాను, రెండుసార్లు.

తమ్ముడు.