పంపుహౌసు గది తాళం తీయించుట గురించి

పట్టణ సంక్షేమాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వీధి చివరి పాత పంపుహౌసు గదికి తమ సిబ్బంది వేసిన తాళము, సీలు తొలగించుట – ఆసుపత్రి నుండి రానున్న నా బావమరిదికిని, అతనివంటి మరికొందరికిని అక్కడ నీడ కల్పించుట – గురించి.

సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన నేను తమకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. నా బావమరిది, అనగా చనిపోయిన నా భార్యకు తమ్ముడు, లిఫ్టు మెకానిక్కు. పనిలో ఉండగా లిఫ్టు గోతిలో పడి నడుము విరుగగొట్టుకొనెను. కంపెనీవారు కట్టు కట్టించి ఇంటికి పంపిరి. నొప్పికి మాత్రలు ఇచ్చిరి. మాత్రలు ఆననప్పుడు తాగుడు మొదలైనది. పని పోయినది, పెళ్ళాం పుట్టింటికి పోయినది, అద్దె గది పోయినది. చెప్పులు లేక తిరిగి కాలి వేళ్ళ సందున పుండు పడినది. ఇవి ఒకదాని వెనుక ఒకటి వరుసలో నిలబడి రాలేదు, తోసుకుంటూ వచ్చినవి. ఏది ముందు, ఏది వెనుక అని తమ ఆఫీసులో అడిగినప్పుడు నేను చెప్పలేకపోయినాను.

మీ ఇంట్లో పెట్టుకోలేకపోయారా అని తమరు అడుగవచ్చును. పెట్టుకొన్నాము. రెండు గదుల ఇల్లు. కొడుకు, కోడలు, పిల్లలు లోపల; నేను వరండాలో. నా పక్కనే అతను. కోడలు పల్లెత్తు మాట అనలేదు. ఒకనాడు మనవరాలు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, ఇతను గుమ్మంలో అడ్డంగా పడి ఉండుట చూసి, "ఆయనెవరో నాకు తెలీదు" అని వారితో చెప్పినది. అది అతని చెవిన పడినది. తెల్లారేసరికి పక్క ఖాళీగా ఉన్నది.

నా భార్య పోయేముందు తమ్ముణ్ణి నాకు అప్పగించలేదు. చెప్పాల్సిన పని లేదనుకుంది కాబోలు.

2. రాత్రి బస కేంద్రమువారు, తాగినవారికి ప్రవేశము లేదన్నారు. తాగుడు మాన్పించు ఆసుపత్రివారు, పుండుతో చేర్చుకోము, ముందు కాలు చూపించుకోండి అన్నారు. కాలు చూచు ఆసుపత్రివారు కట్టు కట్టి, తడవనివ్వకుండా ఇంట్లో కాలు చాపుకుని కూర్చోబెట్టండి అన్నారు. ఏ ఇంట్లో అని నేను అడగలేదు. వెనుక చాలామంది నిలబడి ఉన్నారు.

తమ కార్యాలయములోని గుమాస్తాగారు నా మాట పూర్తిగా విని, "పెద్దాయనా, ఇల్లు లేకపోవడం ఒక సెక్షను, తాగుడు ఇంకో సెక్షను, వైద్యం అసలు మాది కాదు. అన్నీ కలగలిపి తెస్తే ఎట్లా? ఒక్కోటి విడివిడిగా తీసుకురండి" అన్నారు.

"మనిషి ఒక్కడేనండీ" అన్నాను.

"అదే కదా ఇబ్బంది" అన్నారు.

వెటకారంగా అనలేదు. ఆయన కళ్ళ కింద కూడా నల్లగా ఉంది. నేను ఆయన మీద ఫిర్యాదు చేయుట లేదు.

3. పంపుహౌసు గది సంగతి. మోటార్లు తీసేశాక అది బూజు పట్టి ఉండేది. ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మ ఒకరు దాన్ని ఊడ్చి, కడిగి, స్టవ్వు తెచ్చిపెట్టింది. ఒకప్పుడు మొగుడి దెబ్బలకు తాళలేక కూతురితో బస్సు షెల్టరులో తలదాచుకున్న టైలరమ్మ మిషను తెచ్చి మూల వేసింది. ఇల్లు లేనివాళ్ళు వస్తారు. స్నానం చేస్తారు, బట్టలు ఉతుక్కుంటారు, చిరిగినవి కుట్టించుకుంటారు, కట్టు మార్పించుకుంటారు. మధ్యాహ్నం చాపల మీద కూర్చుని, నిన్న తాగినవాళ్ళు తాగామని, తాగనివాళ్ళు తాగలేదని చెప్పుకుంటారు. మాన్పించేస్తాం అని అక్కడ ఎవరూ ఎవరికీ మాట ఇవ్వరు. నేను నీళ్ళు కాచేవాణ్ణి.

బావమరిదిని బతిమాలి తీసుకువెళితే గడప దగ్గర ఆగిపోయాడు. నర్సమ్మ తాగావా అని అడగలేదు. "నీళ్ళు బాగా వేడిగా కావాలా, గోరువెచ్చగానా?" అంది.

వాడు నా చెవిలో, "బావా, ఇదేదో పెద్ద హోటల్లా ఉందే, బిల్లు నువ్వే కట్టాలి" అన్నాడు. చాలాకాలానికి వాడి నోటి నుంచి ఒక హాస్యం విన్నాను.

తర్వాత ఒకరోజు తూలుతూ వచ్చాడు. నర్సమ్మ వాడి రెక్క పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి, "ఇవాళ బయటే ఉండు. రేపు లోపలికి రా. తాగినా, తాగకపోయినా, రావడం మాత్రం మానకు" అంది. అక్కడే కూర్చోబెట్టి కట్టు మార్చింది. మర్నాడు తలొంచుకుని వచ్చాడు. ఆ మీద తాగకుండా కొన్ని వారాలు గడిపాడు. పుండు ఎండసాగింది. తాగుడు మాన్పించే ఆసుపత్రివాళ్ళు కాలు చూసి, వచ్చేవారం చేర్చుకుంటామన్నారు.

4. సరిగ్గా ఆ వారంలోనే తమ సిబ్బంది వచ్చి, అనుమతి లేకుండా గుమిగూడుచున్నారని గదికి తాళము వేసి సీలు పెట్టిరి. గదికి ఎదురింటాయన ఫిర్యాదు చేసిన మాట వాస్తవము. మావాళ్ళలో ఒకడు ఆయన ప్రహరీ గోడకు ఒంటేలు పోసిన మాటయు వాస్తవము. టైలరమ్మ, నేను బ్లీచింగు వేసి కడిగితిమి. ఆయన కోపములో న్యాయము ఉన్నది.

నర్సమ్మ, "బాబూ, లోపల కట్లూ మందులూ ఉన్నాయి, అవైనా తీసుకోనివ్వండి" అని అడిగింది.

"ఆర్డరులో లేదమ్మా" అన్నారు.

అయ్యా, ఇక్కడి నుంచి వలెను, గలరు అని రాయడానికి నాకు ఓపిక లేదు. మామూలుగా చెప్తాను, క్షమించండి.

వాడు కనపడకుండా పోయాడు. నేను తెలిసిన ప్రతి డ్రైవరుకూ, కండక్టరుకూ చెప్పాను. వంతెనల కింద చూశాను. మార్చురీకి కూడా వెళ్ళాను. అక్కడ ముసుగు తీసి ఒకతన్ని చూపించారు. మావాడు కాదు. హమ్మయ్య అనుకుని బయటికి వచ్చి, మెట్ల మీద కూలబడ్డాను. ఆ పడుకున్నతనికీ ఎక్కడో ఒక బావో అక్కో ఉంటారు, వాళ్ళింకా వెతుకుతూనే ఉంటారు కదా అనిపించింది.

చివరికి మా పాత డిపో మెకానిక్కు కబురు పంపాడు. డిపో వెనక తుక్కుకింద పడేసిన బస్సుల్లో ఒకదాని వెనక సీటులో పడి ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. పాదం నల్లబడింది.

నన్ను చూసి, "బావా, తాగాను" అన్నాడు.

"సరేలేరా" అన్నాను.

"వెళ్ళాను బావా. ముందు తాగకుండానే వెళ్ళాను, తాళం ఉంది. తర్వాత తాగి కూడా వెళ్ళాను. తాగినా రమ్మంది కదా నర్సక్క. అప్పుడూ తాళమే ఉంది."

ఇది మీకు చెప్పాలనే ఈ అర్జీ అంతా రాస్తున్నాను.

5. ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసివేసిరి. ప్రాణమునకు భయము లేదన్నారు. మంచము మరొకరికి కావలెను గనుక త్వరలో పంపివేయుదురట. "రోజూ కట్టు మార్చాలి, కాలు తడవకూడదు. ఎక్కడికి తీసుకెళ్తారు?" అని డాక్టరమ్మ అడిగింది. నా వెంట వచ్చిన నర్సమ్మ నా మొహం చూసింది, నేను గోడ చూశాను. ఇంటికే తీసుకుపోదామా అంటే, వాడు మంచం కమ్మీ పట్టుకుని, "ఆ పిల్ల ముందుకి మాత్రం వద్దు బావా" అన్నాడు.

6. కావున తమరు దయయుంచి పై గదికి తాళము తీయించి, నర్సమ్మ పేరున అనుమతి ఇప్పించి, పక్కన ఒక మరుగుదొడ్డి కట్టించినచో ఎదురింటాయన గోడకును, మాకును మేలగును. గదిలో మేము చేసే తప్పులు ఏమైనా ఉన్నచో వచ్చి కూర్చుని చెప్పవలెను. కుర్చీ లేదు, చాప ఉన్నది.

ఈ అర్జీ ఏ సెక్షనుకు చెందునో నాకు తెలియదు. అన్నింటికీ చెందినదిగా తలచి, తమరే స్వయముగా చదివి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
రిటైర్డు బస్సు డ్రైవరు

తా.క.: ఇది పట్టుకుని ఇవాళ పొద్దున తమ ఆఫీసుకు వచ్చాను. తమరు క్యాంపులో ఉన్నారన్నారు. ఆసుపత్రికి తిరిగి వెళ్ళేసరికి మావాణ్ణి మంచం మీంచి దింపి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. బయట కుండపోతగా వాన. కాలికి ప్లాస్టిక్ సంచీ చుట్టి ఆటోలో ఎక్కించాను. ఎక్కడికి అని ఆటో అతను అడిగాడు. పంపుహౌసుకి అన్నాను.

తాళం పగలగొట్టాను. నర్సమ్మ వద్దంటూనే ఉంది, సుత్తి పట్టింది నేనొక్కణ్ణే. ఎదురింటాయన కిటికీలోంచి అంతా చూశారు. కాసేపటికి గొడుగు వేసుకుని వస్తుంటే పోట్లాటకే అనుకున్నాను. ఒక దుప్పటి ఇచ్చి వెళ్ళిపోయారు.

సీలు తీయడం నేరమని తెలుసు. కేసు పెడితే నా మీద పెట్టండి, నేనిక్కడే ఉంటాను. కాకపోతే తమ మనుషులు వచ్చినప్పుడు తలుపు కొంచెం మెల్లగా తట్టమనండి. వాడు ఇప్పుడే నిద్రపోయాడు.