పన్ను ఊడినంక

1957 జూన్ 10, తాండూరు

ఇయ్యాల బడి తెరిచిన్రు. నా బిడ్డ రాధను నేను పంపలేదు. ఆరేండ్లు నిండినయి. నాకు పిచ్చి లేసిందని ఊరంతా అంటున్నరు. అననీ.

పెండ్లికి ముందు హైదరాబాద్‌ల ఒక జర్మన్ మేడం ఇంట్ల పిల్లలను చూసుకున్న. వాల్డార్ఫ్ అనే వాళ్ళ దేశపు చదువు పద్ధతి ఆమె దగ్గర్నే నేర్చుకున్న. పాలపండ్లు ఊడేదాక పిల్లలకు అక్షరం చూపొద్దు. అప్పటిదాక రంగులు, పాటలు, చేతిపని, కథలు.

మా ఆయన షరతు పెట్టిండు. వచ్చే జూన్‌ల రాధ హెడ్మాస్టర్ ముందర చదవాలె. చదవకపోతే కొడంగల్‌ల వాళ్ళక్క ఇంటికి పంపుతడట. ఆమెకు నలుగురు చిన్నపిల్లలు. తోడుంటది, ఇంటిపని నేర్చుకుంటది, ఆడపిల్లకు గంతే చాలన్నడు.

సరే అన్న. ఏడాది చాలు నాకు.

జులై 22

పసుపు, కుంకుమ, నీలిమందు కలిపి రాధతోని తడి కాగితం మీద పూయించిన. మస్తు సంబురపడ్డది. మధ్యాహ్నం గొర్లోళ్ళ శంకరమ్మ వచ్చి ఉన్ని వడకుడు చూపించింది. అత్తకు ఒళ్ళు మండింది. పటేల్ ఇంటి పిల్ల గొంగడ్లు నేస్తదా అని వాకిట్ల నిలబడి ఒర్రింది. నా చదువుకు ఈ ఇంట్ల దొరికే మర్యాద గిదే.

అక్టోబర్ 3

ఇంటి ముందటికెల్లి పోయే నాపబండల లారీ మీద ఏం రాసున్నదని రాధ అడిగింది. చెప్పలె. పన్ను ఊడినంక అన్న. దినాం పదిసార్లు అద్దంల పండ్లు కదిపి చూసుకుంటున్నది.

1958 జనవరి 19, సాయంత్రం ఆరు



రాధ బండముక్కతోని ముందటి పన్ను కొట్టుకున్నది. కదలని పన్ను. గౌను నిండ నెత్తురు. పన్ను అరచేతిల పెట్టుకొని వచ్చింది. ఊడింది, ఇగ నేర్పు అన్నది. నవ్వుకుంటనే.

నేను కొట్టిన. అవును, కొట్టిన. రాయితోని కొట్టుకుంటే ఊడినట్టు కాదన్న. ఛీ, ఏం మనిషిని! అప్పుడే పలక మీద అ రాసిస్తే నా సొమ్మేం పోతుండె?

అత్త పన్నును పేడల పెట్టి ఇంటి మీదికి ఇసురుదామన్నది. రాధ పిడికిలి ఇప్పలె.

ఏప్రిల్ 6

రాధ ఇగ అక్షరాల మాట అడుగుతలేదు. లారీ పోతుంటే అటు చూస్తలేదు కూడ.

మే 11

ఇంకో పన్ను కదలలె. నాకే భయం పట్టుకున్నది. పలక తీసి అ రాసిన. రాధ మొఖం తిప్పుకున్నది. పన్ను ఊడలేదు కదమ్మా అన్నది. బతిమిలాడిన. బెల్లం పెట్టిన. ముట్టకుంట లేచి వాకిట్లకు పోయింది.

మే 25, వికారాబాద్ స్టేషన్

జర్మన్ మేడం ఇక్కడ తెలిసినోళ్ళ ఇంటికి వచ్చిందని తెలిసి పొద్దుగాల రైలెక్కిన. అంతా చెప్పిన. ఆమె బిత్తరపోయింది. పండ్లు లెక్కపెట్టమని ఎవరన్నరు, పిల్ల గంత ఆశగ అడిగితే ఇయ్యాలె గద అన్నది. నేను పని ఇడిచినంక వాళ్ళ చిన్నోడు ఐదేండ్లకే చదివిండట. నాకెందుకు చెప్పలేదంటే, నువ్వు అడగలేదు గద అన్నది.

రైలు ఇంకా రాలె.

జూన్ 9

హెడ్మాస్టర్ వాచకం ముందర పెట్టిండు. రాధ ఒక్క అక్షరం చదవలె. ఈయన నా దిక్కు చూడలె. రేపు పొద్దున కొడంగల్ బస్సు.

జూన్ 10

పోయింది. బస్సెక్కేటప్పుడు రాధ ఏడ్వలె. నేనే ఏడ్చిన. వడికిన ఉన్ని ఉండ ఇక్కడ్నే ఇడిచిపెట్టింది.

సెప్టెంబర్ 2

కొడంగల్ నుంచి కార్డొచ్చింది. పెద్ద పెద్ద వంకర అక్షరాలు, రాధనే రాసింది.

అమ్మా పన్ను వచ్చింది.

ఎవరు నేర్పిన్రో రాయలె.