గరికతో అలికిన వాకిలి

కంభం,
మార్గశిర బహుళ పంచమి.

మహారాజశ్రీ మామ గారికి, మీ భార్య పుల్లమ్మ నమస్కరించి రాసుకునే జాబు. దేవుడి దయవల్ల ఇంట్లో అందరం బాగున్నాం. కర్నూలు ఆసుపత్రిలో మీ కాలి కట్టు విప్పారన్న కబురు ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉన్నాం.

మీరడిగినవాటికి ముందు జవాబులు. గేదె ఈనింది, పెయ్యదూడ. చిన్నదానికి దగ్గు తగ్గింది. అత్త మీ మీద బెంగతో ఒక పూట అన్నం మానేసి, తర్వాతి పూట రెండింతలు తిన్నది. ఆమె గురించి దిగులు పడకండి.

మీరు మాలి పని చేసే చెరువు బంగళా ముందు పచ్చిక సంగతి కూడా అడిగారు. దీపావళి పోయాక గరిక నాటితే చలికి వేరు పట్టదు, మానుకోండి అని రాశారు. మానుకుంటే మీ మాలి పని పోతుందని మీకు తెలియదు. మీరు వేపచెట్టు మీద నుంచి పడ్డాక నీళ్ళు పోసేవాళ్ళు లేక పాత పచ్చికంతా చెదలపాలైంది. ఓవర్సీరు గారు మీ తమ్ముడు నరసింహులును పిలిచి, "ఇంజనీరు దొర చెరువు చూసేదానికి వచ్చేలోపల ఇక్కడ పచ్చగా కనపడాల. లేకుంటే వేరే మాలిని పెట్టుకుంటా" అన్నారట. నరసింహులు అక్కడ తల ఊపి, ఇంటికొచ్చి నా ముఖం చూశాడు.

మీరైతే గరిక ఒక్కొక్క పిలకా గుచ్చి నాటుతారు. అంత వ్యవధి మాకు లేదు. నాకు బాగా తెలిసిన పని అలకడం. నరసింహులు చెరువు ఒండ్రు బండి మీద తోలాడు. నేను గరికను కత్తిపీట మీద సన్నగా తరిగి, ఒండ్రులో, పేడనీళ్ళలో కలిపి, ఇంటి వాకిలి అలికినట్టే బంగళా ముందంతా అలికేశాను. పైన వరిగడ్డి కప్పాను. చలికాలం కాబట్టి సాయంత్రాలు తడపలేదు, ఎండ ఎక్కాకే నీళ్ళు పోశాను.

చూసినవాళ్ళంతా నవ్వారు. పక్కింటి శ్రీశైలమ్మ పిన్ని అయితే, "ఏందమ్మే, పుట్టినకాడి నుంచి చేన్లో పీకి పారేసేదాన్ని నువ్వు పేడేసి సాకుతుండావే" అన్నది. కలుపు తీయడానికి ఆమెనే కూలికి పిలిచాను, బుద్ధి తక్కువై. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? నేను ఇంటికి పోయి వచ్చేసరికి ఒక మూల మొలిచిన గరికంతా శుభ్రంగా పీకేసి, కలుపు మొక్కలు వదిలేసి, ఆకువక్క నములుతూ కూర్చుంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ మూల మళ్ళీ అలికాను.

వేరు పట్టింది మామా. మొదట పుట్టువెంట్రుకలు తీయించిన తల మీద వచ్చే జుట్టులా పలచగా లేచింది. ఇప్పుడు మన్ను కనపడదు. మీరు వేసిన ఏ పచ్చికా దీనికి సాటి రాదు. గొప్పకు అనడం లేదు. గొప్పకే అంటున్నాను, రాసేశాక కొట్టేయడమెందుకు.

ఇక ఇంతసేపూ దాచిన మాట. మొన్న దొర వచ్చి, పచ్చిక మీద అటూ ఇటూ నడిచి, ఎవరు వేశారని అడిగారు. ఓవర్సీరు గారు నరసింహులును ముందుకు తోశారు. మీ బదులు తోట చూసేది ఆడమనిషి అంటే ఒప్పుకోరు, ఎవరడిగినా తమ్ముడి పేరే చెప్పండని మీరే కదా రాసింది. "చలి ముదిరితే గరిక ఎర్రబారుతాది గదా, అప్పుడేం చేస్తావని దొర అడుగుతుండారు" అన్నారు ఓవర్సీరు గారు. నరసింహులు నా వైపు చూశాడు. నేను నీళ్ళ బిందె దించి ముందుకు వెళ్ళాను.

"మాగిన పేడలో బూడిద కలిపి చల్లుతానయ్యా. పొట్టిగా కొయ్యను. దీన్ని అలికింది నేను" అన్నాను.

"అవునయ్యా, మా వదినే. నేను బండి తోలినాను, అంతే" అన్నాడు నరసింహులు. మంచివాడు.

దొర నవ్వి ఇంగ్లీషులో ఏదో చెప్పారు. ఓవర్సీరు గారు నన్ను అడిగారు. "మాలి పని నీ పేరున రాయమంటుండారు. మీ ఆయన వచ్చేదాకనా, ఎప్పటికీనా?"

వచ్చేదాకా అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఎప్పటికీ అన్నాను.

ఈ కాలితో మీరు ఇక చెట్లెక్కలేరని అందుకే అన్నానని చెప్పవచ్చు. కానీ ఆ క్షణంలో మీ కాలు నాకు గుర్తే లేదు. ఆ పని నాకు కావాలనిపించింది, అంతే. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. నాకు మాత్రం సంతోషంగా ఉంది. ఈ రెండూ మీకు రాయకుండా ఉండలేకపోయాను.

తిట్టాలనిపిస్తే జాబులో తిట్టకండి, అత్త చదివించుకుంటుంది. వచ్చి ఎదురుగా తిట్టండి. కట్టు విప్పాక మెల్లగా నడక అలవాటు చేసుకోవాలన్నారు కదా. రాళ్ళ దారిలో వద్దు, నేను వేసిన పచ్చిక మీద నడవండి. పడినా దెబ్బ తగలదు. చెప్పులు మాత్రం గేటు దగ్గరే విడిచి రండి మామా. అక్కడ మాలిని నేను.

ఇట్లు,
మీరెప్పుడొస్తారా అని ఎదురుచూసే మీ ఇంటిది,
పుల్లమ్మ